శశిరేఖ ఏ పర్వంలో ఉంది? – తెలుగు పౌరాణిక నాటక, చలనచిత్రాల్లో మూలప్రామాణ్యం, పూర్వాపరసంగతి

వ్యాససంగ్రహం: వ్యాసభారతంలో లేని కథలు తెలుగు నాటకరంగాన్నీ చలనచిత్రాన్నీ చాలాకాలం ఏలాయి. వాటిని ‘కల్పితం’ అన్న ఒక్క మాటతో పక్కన పెట్టడం మన పరిశోధనలో అలవాటైంది. కథల మధ్య వైరుధ్యాన్ని సహించిన ప్రేక్షకుడు దేనిని సహించలేదన్న ప్రశ్నను గణపవరం, ఉండి, గుడివాడ పరిసరాలతో సంబంధమున్న రచనలు, ప్రదర్శన పద్ధతుల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మూలప్రామాణ్యం, పూర్వాపరసంగతి, అవాల్మీకం, పద్యనాటకం, గయోపాఖ్యానం, శంబుకవధ, మాయాబజార్.

ప్రవేశం

మహాభారతం పద్ధెనిమిది పర్వాల్లో ఎక్కడ వెతికినా శశిరేఖ కనిపించదు. బలరాముడికి ఆ పేరుగల కూతురు ఉన్నట్టు గాని, ఆమెను అభిమన్యుడు పెళ్ళాడినట్టు గాని వ్యాసుడు చెప్పలేదు, కవిత్రయమూ చెప్పలేదు. విరాటపర్వం చివర అభిమన్యుడికి జరిగిన వివాహం ఉత్తరతోనే. మరాఠీలోనూ తమిళంలోనూ ఇదే కన్య పేరు వత్సల. పేరు కూడా స్థిరంగా లేని ఈ పాత్ర సురభివారి తెరల మీద, 1936 నాటి తొలి చిత్రంలో, చివరకు 1957 మార్చి 27న విడుదలైన విజయా వారి ‘మాయాబజార్’లో నిలదొక్కుకొని, తెలుగువారికి ఉత్తరకంటె దగ్గరి బంధువైంది.

ఇటువంటి కథలను గుర్తించడానికి మనకొక పాత పరిభాష ఉంది. వాల్మీకిలో లేనివి అవాల్మీకాలు. తెలుగు రామాయణాల మీద వచ్చిన సిద్ధాంతగ్రంథాల్లో అవాల్మీకాంశాల పట్టిక లేనిది అరుదు. అయితే పట్టిక తయారుకాగానే పరిశీలన ముగిసిపోవడం మన లోపం. మూలంలో లేదని తేల్చడం గ్రంథాలయంలో కూర్చుని చేయగల పని. మూలంలో లేదని తెలిసిన, లేదా తెలుసుకోవాలని కూడా అనుకోని సమాజం దానిని ఎందుకు అంగీకరించిందన్నదే చరిత్ర అడగవలసిన ప్రశ్న.

పాశ్చాత్య దేశాల్లో జనరంజక కథాప్రపంచాల విషయంలో ఈ చర్చ వంద సంవత్సరాలకు పైగా సాగుతోంది. బైబిల్ పండితుల పద్ధతిని వేళాకోళం చేస్తూ రోనాల్డ్ నాక్స్ 1911లో షెర్లాక్ హోమ్స్ కథల మీద ఒక ప్రసంగవ్యాసం రాశాడు. డాక్టర్ వాట్సన్‌కు తుపాకి గుండు ఒక నవలలో భుజానికీ మరొక నవలలో కాలికీ తగలడం వంటి పొరపాట్లను పరిష్కరించే ఆట అక్కడివారికి గంభీరమైన వ్యాసంగమైంది. 2014లో ‘స్టార్ వార్స్’ హక్కుదారులు అంతవరకు వచ్చిన నవలలను, బొమ్మల పుస్తకాలను ప్రామాణిక కథ నుంచి తప్పించి ‘లెజెండ్స్’ అనే పేరు కింద వేరు చేశారు. అక్కడ ప్రామాణ్యాన్ని నిర్ణయించేది హక్కుల యజమాని. భారతానికి యజమాని లేడు. కనుక ఇక్కడ ఆ నిర్ణయం ఎవరు చేశారన్నది వేరుగా వెతకవలసిన విషయం.

అతుకు కనబడని పని

మనవాళ్ళకు పూర్వాపరసంగతి పట్ల పట్టింపు లేదని అనడానికి వీలులేదు. అరణ్యపర్వం మధ్యలో నన్నయ ఆగిపోయాడు. తిక్కన విరాటపర్వంతో మొదలుపెట్టాడు. నడుమ మిగిలిన ఖాళీని ఎఱ్ఱన పూరించిన తీరు గమనించదగినది. తన పేరు ముందుకు తేక, రాజరాజనరేంద్రుడికే అంకితంగా, నన్నయ శైలిలో మొదలుపెట్టి క్రమంగా తిక్కన శైలిలోకి నడిచాడు. రెండు శతాబ్దాలకు పైగా తెరపి పడిన కథను ఒకే చేతి రచనగా కనిపించేట్టు కుదర్చడమే ఆయన లక్ష్యం. పూర్వాపరసంగతి కోసం ఒక మహాకవి తన కర్తృత్వాన్నే వెనక్కు నెట్టుకున్న సందర్భమిది. అయితే ఎఱ్ఱన కాపాడినది సంఘటనల వరుస మాత్రమే కాదు, పద్యం గొంతు. ముందు చెప్పబోయే విషయానికి ఇది అవసరం.

ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు

గణపవరం నుంచి ఉండి వైపు వెళితే ఆ మండలంలోనే యండగండి ఉంది. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920) పుట్టిన ఊరు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రితో కలిసి ఆయన రాసిన పాండవ నాటకాల్లో ‘పాండవోద్యోగం’, ‘పాండవవిజయం’ గోదావరి, కృష్ణా జిల్లాల పల్లెల్లో ‘కురుక్షేత్రం’ అనే పేరుతో ఒకే నాటకంగా స్థిరపడ్డాయి. ఆరు నాటకాల వరుసలో జననం, ప్రవాసం, రాజసూయం, అశ్వమేధం పుస్తకాల్లోనే ఎక్కువగా మిగిలిపోగా ఈ రెండే పందిళ్ళకెక్కాయి. ఏది ప్రామాణికమన్నది గ్రంథకర్తలు కాక, చందాలు వేసుకుని నాటకం ఆడించిన ఊళ్ళే తేల్చాయన్నమాట.

ఈ నాటకం ఆడే పద్ధతిని బయటివారు చూస్తే ఆశ్చర్యపోతారు. పడకసీనులో ఒక కృష్ణుడు, రాయబారంలో మరొకడు, యుద్ధరంగంలో ఇంకొకడు. ముగ్గురి ఎత్తు వేరు, రంగు వేరు, గాత్రం వేరు. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి వంటి పేరున్న నటులు రాయబారానికి వస్తున్నారంటే, అంతవరకు కనిపించిన కృష్ణుడు ఏమయ్యాడని అడిగినవారు లేరు. రూపంలో పూర్వాపరసంగతి పూర్తిగా తెగిపోయినా కథ తెగలేదు. ‘వన్స్ మోర్’ సంగతి మరీ విచిత్రం. ప్రేక్షకులు కోరితే అదే పద్యం అదే సందర్భంలో మళ్ళీ వస్తుంది. నేలకొరిగిన పాత్ర లేచి పద్యం పాడి తిరిగి పడిపోవడం తెలుగు రంగస్థల జ్ఞాపకాల్లో తరచు వినిపించే ముచ్చట. దీనిని అనాగరికమని ఈసడించిన విమర్శకులున్నారు. వారితో నేను ఏకీభవించలేను. కథాభ్రమను ఆ ప్రేక్షకుడు కోరలేదు. కథ అతనికి ముందే తెలుసు. అతను కోరింది పద్యం. పద్యంలో ఒక్క పాదం తప్పితే మాత్రం పందిట్లో వెనక వరుసనుంచే సవరణ వచ్చేది. అక్షరం చదవనివారికి కూడా ఈ పద్యాలు కంఠస్థమై ఉండేవి. ప్రామాణ్యం తాళపత్రంలో కాదు, కంఠంలో నిలిచింది.

యుద్ధం చేసినా చెదరని స్నేహం

ఆ కృష్ణుడే మరొక రాత్రి అర్జునుడి మీదికి చక్రం ఎత్తుతాడు. చిలకమర్తి లక్ష్మీనరసింహం (1867–1946) రాజమహేంద్రవరంలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడి నాటకసమాజం కోసం రాసిన నాటకాల్లో ‘గయోపాఖ్యానం’ అత్యంత ప్రసిద్ధం. లక్షకు పైగా ప్రతులు అమ్ముడైన నాటకంగా దానికి పేరు. ఆకాశంలో పోతున్న గయుడు ఉమిసిన తాంబూలం అర్ఘ్యమిస్తున్న కృష్ణుడి దోసిట్లో పడడం, కృష్ణుడు చంపుతానని ప్రతిజ్ఞ చేయడం, సంగతి తెలియక అర్జునుడు గయుడికి అభయమివ్వడం, బావమరదుల యుద్ధం – ఏదీ వ్యాసభారతంలో లేదు. మూలాన్ని బట్టి చూస్తే ఇది పెద్ద అపచారమే. సారథి కావలసినవాడు శత్రువయ్యాడు.

ఎవరూ అభ్యంతరపెట్టలేదు. కారణం కథాసంవిధానంలోనే కనిపిస్తుంది. దైవజోక్యంతో యుద్ధం ఆగుతుంది, గయుడు బతుకుతాడు, బావమరదులు కౌగిలించుకుంటారు. ఉద్యోగపర్వం నాటికి ఈ యుద్ధపు జాడ ఎవరి మనసులోనూ ఉండనక్కరలేదు. భారతంలోకి చొరబడే కథ తాను వచ్చిన దారి చెరిపేసుకుని పోవాలన్న నియమమేదో ఇక్కడ పనిచేసింది. ఇద్దరి గుణాలకూ భంగం రాలేదన్నది మరొక సంగతి. కృష్ణుడు ప్రతిజ్ఞకు, అర్జునుడు అభయానికి కట్టుబడ్డారు. స్వభావం చెడకుండా సంఘటన మారింది.

‘మాయాబజార్’ ఇంకా నేర్పుగా చేసింది. పాండవుల వనవాసకాలంలో సుభద్ర, అభిమన్యుడు ద్వారకలో ఉన్నారన్నది వ్యాసుడు చెప్పిన మాటే. శశిరేఖ పెళ్ళికథ కచ్చితంగా ఆ ఖాళీలోనే కూర్చుంది. పాండవులైదుగురూ తెరమీద ఒక్కసారి కూడా కనిపించకపోవడం కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావుల సంవిధాన చాతుర్యంగా చెప్పుకుంటారు. నిజానికి అది మూలంతో పేచీ రాకుండా చేసిన సర్దుబాటు కూడా. ఈ కథ అల్లిన అజ్ఞాత జానపదులకు భారతం తెలియదనుకోవడం పొరపాటు. బాగా తెలిసినవారికే ఖాళీ ఎక్కడుందో తెలుస్తుంది.

ఇక్కడ నా వాదానికే ఒక చిక్కు ఉంది. స్వభావం చెడకూడదన్నది నియమమైతే లక్ష్మణకుమారుడి మాటేమిటి? మూలంలో అతడు ద్రోణపర్వంలో అభిమన్యుడితో తలపడి నేలకొరిగిన వీరకుమారుడు. చిత్రంలో రేలంగి పోషించిన పిరికి పెళ్ళికొడుకు. ఈ అన్యాయానికి ఎవరూ నొచ్చుకోలేదు. దీనికి నాకు తోచిన సమాధానం ఒక్కటే: లక్ష్మణకుమారుడికి జనం నోట నిలిచిన పద్యం లేదు. పద్యం ఉన్న పాత్రకు రక్షణ ఉంది. లేని పాత్రను ఎవరైనా ఎలాగైనా మలచుకోవచ్చు. నూజివీడులో పుట్టిన ఎస్.వి. రంగారావు చేతిలో ఘటోత్కచుడు మూలంలోకంటె ఎంతో పెద్దవాడు కావడానికి కూడా ఈ స్వేచ్ఛే కారణం.

నటుల రూపాల విషయంలో సినిమా ప్రేక్షకుడు పందిరి ప్రేక్షకుడికి వారసుడే. 1963లో జనవరిలో వచ్చిన ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’లో ఎన్.టి. రామారావు అర్జునుడితో పోరాడిన కృష్ణుడు. అక్టోబరులో వచ్చిన ‘నర్తనశాల’లో ఆయనే అర్జునుడు. 1957లో అభిమన్యుడైన అక్కినేని నాగేశ్వరరావు ఆరేళ్ళకు అభిమన్యుడి తండ్రి అయ్యాడు. ‘నర్తనశాల’లో అభిమన్యుడు ఉత్తరను పెళ్ళాడినప్పుడు, శశిరేఖగా జనం గుండెల్లో ఉన్న సావిత్రి ద్రౌపదిగా అక్కడే ఉంది. హాల్లో ఎవరూ నవ్వలేదు.

తీర్పు మారినప్పుడు

ఇంత ఉదారమైన ప్రేక్షకసమాజానికి కోపం వచ్చిన సందర్భం చూడాలి. కొల్లేటికి పడమర గుడివాడ దగ్గరి అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) ‘కురుక్షేత్ర సంగ్రామం’లో రాజ్యం మీద హక్కు కౌరవులదేనని వాదించాడు. 1920లో వచ్చిన ‘శంబుకవధ’ తీవ్ర వాదోపవాదాలకు కారణమైంది.

ఇది శ్రద్ధగా గమనించవలసిన విషయం. ‘శంబుకవధ’లో ప్రధాన సంఘటన మారలేదు. తపస్సు చేసిన శంబుకుడు ఉత్తరకాండలోలాగే రాముడి చేతిలో చనిపోతాడు. మారింది తీర్పు: ఆ వధ ఎవరి ప్రయోజనానికి, ఎవరి ఒత్తిడికి జరిగిందన్న ప్రశ్న. కృష్ణార్జునులు కొట్టుకున్నారని లేని యుద్ధాన్ని కల్పించిన చిలకమర్తి ఊరూరా ఆదరణ పొందాడు. ఉన్న కథను ఉన్నట్టే ఉంచి ప్రశ్న వేసిన త్రిపురనేని వివాదంలో పడ్డాడు. మూలవిధేయతే కొలమానమైతే ఫలితం తలకిందులు కావలసింది. మూలాన్ని రక్షించే పేరుతో జరిగిన వాదాల్లో నిజంగా రక్షించదలచినది మూలం కాదనీ, మూలం నిలబెట్టిన వర్ణవ్యవస్థా న్యాయమనీ చెప్పడానికి ఇంతకంటె గట్టి ఆధారం నాకు కనిపించలేదు.

అయితే కాలం మారని చోటు కాదు ఇది. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో కొండవీటి వెంకటకవి సంభాషణలు సుయోధనుడి నోట కులాన్ని నిలదీశాయి. జనం వాటిని కంఠస్థం చేశారు. కృష్ణుడు, కర్ణుడు, సుయోధనుడు ముగ్గురూ ఒకే రామారావు కావడం ఆ అంగీకారాన్ని సులభం చేసిందని నా ఊహ. ప్రశ్నించినవాడూ సమాధానమిచ్చేవాడూ ఒకరే అయినప్పుడు ప్రశ్న దైవద్రోహంగా వినిపించదు. అంతకంటె ముఖ్యంగా, త్రిపురనేని వాదం అరవై ఏళ్ళలో పద్యం చేసే పని చేయగల వచనాన్ని సంపాదించుకుంది.

2023లో ‘ఆదిపురుష్’ విడుదలైనప్పుడు విమర్శల్లో ఎక్కువ భాగం వేషభాషల మీద, ముఖ్యంగా హిందీలో హనుమంతుడి చేత పలికించిన మాటల మీద వచ్చింది. నిర్మాతలు కథను మార్చలేదు, సంభాషణలను మార్చారు. మరుసటి ఏడాది ‘కల్కి 2898 ఏ.డి.’ అశ్వత్థామను కొన్ని వేల ఏళ్ళ తరువాతి లోకంలోకి తెచ్చింది. అందుకు పెద్దగా పేచీ రాలేదు. కర్ణార్జునుల్లో ఎవరు గొప్పన్న తగాదా మాత్రం సామాజిక మాధ్యమాల్లో రాజుకుంది. పందిట్లో వెనక వరుసలో కూర్చున్నవారి వారసులు వీరే. అవాల్మీకాంశాల పట్టికకు పక్కనే మరొక గడి గీసి, ఆ అంశాన్ని ఎవరు ఎప్పుడు అంగీకరించారు, ఎవరు ఎందుకు నిరాకరించారు అన్నది నింపే సిద్ధాంతగ్రంథం ఇంకా రావలసి ఉంది.