మాఘమాసపు బురద

బురదంటే మన ఆడవాళ్ళకు గిట్టదు. గిట్టకపోవడంలో తప్పేమీ లేదు. తొక్కేవాళ్ళొకరు, కడిగేవాళ్ళొకరు! పిల్లలు ఆడుకుని వచ్చినా, శ్రీవారు వానలో తడిసి వచ్చినా గడప మీద పడ్డ ఎర్రమట్టి అడుగులు తుడిచేది మనమే కదా! అయినా సరే, ఇవాళ బురద గురించే నాలుగు మంచిమాటలు చెప్పాలని ఉంది. వానాకాలపు బురద సంగతి అందరికీ తెలిసిందే. నేను చెప్పబోయేది మాఘమాసపు బురద.

మాఘంలో బురదేమిటంటారా? విశాఖపట్నంలో మద్దిలపాలెం దగ్గర బయల్దేరి, జాతీయ రహదారి మీద ఇసుకతోట, వెంకోజీపాలెం, హనుమంతవాక దాటి వెళ్తే అరగంటలోపే కంబాలకొండ అడవి. చలి వెనకపట్టు పట్టే రోజుల్లో పొద్దున్నే ఆ కాలిబాటల వెంట నడవడం ఈమధ్య చాలామందికి సరదా అయింది. కాలేజీ పిల్లలు, రిటైరైన పెద్దలు, బూట్లు బిగించుకున్న కోడళ్ళు, చెప్పులు చేత్తో పట్టుకున్న అత్తగార్లు, అందరూ వస్తారు. అప్పటికి వానలు వెళ్ళిపోయి రెండు నెలలు దాటి ఉంటుంది. ఊళ్ళో దుమ్ము లేస్తూంటుంది. అడవిలో మాత్రం చెట్ల నీడన, వాగు దాటే చోట, బాట ఇంకా మెత్తగానే ఉంటుంది. ఆదమరిస్తే కాలు జర్రున జారుతుంది. వాన లేకుండా ఈ తడి ఎక్కణ్ణుంచి వచ్చిందీ?

ఆ తడి సంగతి తెలియాలంటే విశాఖ ఊరి పేర్లు ఒక్కసారి పైకి చదవండి. సీతమ్మధార, మాధవధార. సింహాచలం కొండ మీద భక్తులు స్నానాలు చేసే గంగధార. హనుమంతవాక, ముడసర్లోవ, మేహాద్రిగెడ్డ. ధార అంటే తెలిసిందే. వాక అన్నా, గెడ్డ అన్నా పారే నీరే. లోవంటే కొండల నడుమ లోయ, నీరు దిగి నిలిచే చోటు. ఇక మద్దిలపాలెం పేరులో మద్ది వినిపిస్తూనే ఉంది. ఏరుమద్ది ఎక్కడ పెరుగుతుందో ఆ చెట్టు పేరే చెబుతుంది. సముద్రం పక్కనున్న ఊరు కదా, పేర్లన్నీ ఉప్పగా ఉంటాయనుకుంటాం. తీరా చూస్తే ఎంత తియ్యని నీళ్ళో!

ఈ పేర్లు పెట్టిందెవరు? రాజులు తమ మాటలు రాతి మీద చెక్కించుకున్నారు. సింహాచలం గుడిలో కుళోత్తుంగ చోళుడి కాలంనాటి 1098వ సంవత్సరపు శాసనం ఉంది. 1516లో కృష్ణదేవరాయలు వచ్చి స్వామిని దర్శించుకున్నాడు. అవన్నీ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. కాని ఫలానా చోట ఊట ఉంది, ఫలానా చోట వాగు దాటాలి అన్న కబురు శాసనాల అవసరం లేకుండానే మనదాకా వచ్చింది. బిందె చంకనబెట్టుకుని రోజూ ఆ దారిన వెళ్ళినవాళ్ళ నోటనే ఆ పేర్లు పుట్టి ఉంటాయని నా ఊహ. నీళ్ళ చిరునామా ఆడదానికంటే బాగా ఎవరికి తెలుస్తుంది చెప్పండి!

ఇంతకీ కొండలో నీళ్ళెలా ఉంటాయంటారా? ఈ తూర్పు కనుమల రాయికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కొండలైటు. ఒరిస్సా కొండల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు పెట్టాడు. ఎండకూ వానకూ నాని ఆ రాయి బీటలిస్తుంది, పైపొర ఎర్రమట్టి అవుతుంది. మట్టి మీద రాలిన ఆకు, ఆకు కింద వేళ్ళు. వాన ఎంత జోరుగా కురిసినా ఆకు దాన్ని ఆపి, మెల్లగా మట్టికి అందిస్తుంది. మట్టి రాతి బీటలకు అందిస్తుంది. నెలల తరబడి ఆ నీరు కొండ అడుగున ఊటగా కారుతూంటుంది. ఆషాఢంలో వచ్చిన జీతాన్ని మాఘందాకా సర్దే ఇల్లాలి పొదుపన్నమాట! చెట్టు లేని కొండకు ఈ పొదుపు తెలీదు. కురిసిందంతా ఒక్కపూటలో ఖర్చుపెట్టేసి, పైగా ఎర్రమట్టిని కూడా సముద్రానికి ధారపోస్తుంది.

అందుకే కంబాలకొండ ఎవరి చేతుల్లో ఉందన్నది ఊరికి పెద్ద విషయమే. ఒకప్పుడు విజయనగరం మహారాజులది. 1970 నుంచి అటవీశాఖది. 1977లో ఆ అడవి అంచునే ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల తెరిచారు. 2002లో కంబాలకొండను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 71 చదరపు కిలోమీటర్లు. చిరుతలు, దుప్పులు, అలుగులు అందులో కాపురముంటాయి. శంభువానిపాలెం అనే పల్లె కూడా ఆ అడవిలోనే ఉంది. మనం సరదాకు నడిచే బాటలు వాళ్ళకు రోజూ తప్పని దారులు.

ఆ పక్కనే ముడసర్లోవ జలాశయం. బ్రిటిషువాళ్ళ కాలంలోనే దాని నీళ్ళు పట్నం తాగింది. తర్వాత ఊరు పెరిగింది, ఉక్కు కర్మాగారం వచ్చింది, దాహం పెరిగింది. ఇప్పుడు ఏలేరు నుంచి దాదాపు 150 కిలోమీటర్ల కాలువలో నీరు నడిచి రావాలి. దూరాన్నించి వచ్చే నీటికి విలువ కట్టాం గాని పెరట్లోని ఊటను మరిచిపోయాం. సీతమ్మధారలో బస్సు దిగినవాళ్ళు అపార్టుమెంటు పేరు అడుగుతారు, ధార ఎక్కడని అడిగేవాళ్ళేరీ?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీదే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల గాలి. నిన్నటిదాకా పచ్చగా ఉన్న కొండలు తెల్లారేసరికి కాలిపోయినట్టు గోధుమరంగులో నిలబడ్డాయి. ఊళ్ళో వేలకొద్దీ చెట్లు కూలాయి. మనం కరెంటు కోసం, పాల ప్యాకెట్ల కోసం కంగారు పడ్డాం. పోయిన సరుకులు వారం పది రోజుల్లో దొరికాయి. కూలిన మాను తిరిగి మాను కావడానికి ఒక తరం పడుతుంది. అయినా అడవి తన పాటికి తాను చిగుర్లు వేసుకుంటూ వచ్చింది. ఎవరూ అడగకుండానే పొదుపు మళ్ళీ మొదలుపెట్టింది.

కంబాలకొండకు నడకకు వెళ్తే పాత చెప్పులు వేసుకోండి. ప్లాస్టిక్ కవర్లు తిరిగి ఇంటికి తెచ్చుకోండి. బాట వదిలి అడ్డదారులు తొక్కకండి, ఒక్కో అడ్డదారీ వానకు ఒక్కో కాలువ అవుతుంది. కాలికి బురదంటితే విసుక్కోకండి. మాఘంలో కూడా ఆ బాట తడిగా ఉందంటే ఆ ఏడు కొండ ఇల్లు చక్కబెట్టుకున్నట్టే. అక్కడ దుమ్ము లేచిన ఏడు మాత్రం మనమంతా బిందెలు చూసుకోవలసిందే.