లెమాన్స్‌లో లేని ఫెరారీ

ఫిబ్రవరిలో పూత మీదున్న తోటలో పండిన రసాలు చూపిస్తే నూజివీడు రైతు ఆ సినిమాను నమ్మడు. కార్ల రేసు చరిత్ర మీద తీసే సినిమాకూ అదే కొలత.

2019లో వచ్చిన ‘ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ’ 1966 నాటి లెమాన్స్ 24 గంటల పందెం కథ. తెర మీద ఫెరారీ సంస్థ అధిపతి ఎంజో ఫెరారీ అక్కడే కూర్చుని పందెం చూస్తాడు. నిజానికి ఆయన అక్కడ లేడు. ముగింపు మాత్రం నిజం. మూడు ఫోర్డులు కలిసే గీత దాటాయి. వాటిలో డ్రైవర్ మెక్‌లారెన్ నడిపిన కారు మరో డ్రైవర్ కెన్ మైల్స్ కారుకన్నా వెనకనుంచి బయల్దేరింది కాబట్టి ఎక్కువ దూరం నడిచినట్టు లెక్కగట్టి, గెలుపు దానికే ఇచ్చారు.

మనకు దగ్గర్లో, మద్రాసు శివారు షోలవరంలో, రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే మీదే దశాబ్దాలపాటు రేసులు జరిగాయి. ఆ కథ తీయబోయే తెలుగు దర్శకులు ముందు పాత పత్రికలు తిరగేయాలి, ఆనాటి మెకానిక్కులను కలవాలి.