గోడ వెనక తారు

మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఇల్లు కొనుక్కుంది. వెనకాల బోలెడంత జాగా. మనమైతే కరివేపాకు చెట్టూ, నాలుగు అరటి పిలకలూ వేసుకుంటాం. అల్లుడికి మాత్రం ఈతకొలను కావాలిట. సరే, ఎవరి సరదా వారిది.

"కాంక్రీటుతో కట్టించమంటావా అమ్మా, ఫైబర్‌గ్లాసు తొట్టి తెచ్చి గోతిలో దింపించమంటావా? లేకపోతే ప్లాస్టిక్ షీటు పరిచేది చాలంటావా?" అని ఫోనులో అడిగింది. "టైల్సు మటుకు ముందే ఎంచేశాను, నెమలికంఠం రంగు" అని కూడా అంది. నవ్వొచ్చింది. అంచు చూసి చీర కొనే బుద్ధి మన రక్తంలో ఉంది, ఎక్కడికి పోతుంది!

నిజానికి ఈ బేరం నాలుగువేల ఏళ్ళ పైమాటే. సింధు నది ఒడ్డున మొహంజొదారోలో 1925-26లో తవ్వినప్పుడు ఒక స్నానవాటిక బయటపడింది. చిన్నప్పుడు మన సాంఘికశాస్త్రం పుస్తకంలో బొమ్మ చూశాం, గుర్తుందా? సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతు, రెండు వైపులా మెట్లు. మనం చదువుకున్నది ఇంతవరకే. ఆ మేస్త్రీ తెలివి కొలతల్లో లేదు, కట్టడంలో ఉంది. కాల్చిన ఇటుకల్ని పక్కకి నిలబెట్టి, సందు కనబడకుండా పేర్చి, మధ్య జిప్సం గార పెట్టాడు. అంతటితో ఊరుకోలేదు. ఆ గోడ వెనక దట్టంగా తారు పట్టించి, అది జారిపోకుండా దాని వెనక ఇంకో ఇటుక గోడ లేపాడు. స్నానానికి దిగినవాళ్ళెవరికీ ఆ తారు కనబడి ఉండదు. నీళ్ళు భూమిలోకి ఇంకకుండా ఆపింది మాత్రం అదే.

మా అమ్మమ్మగారింట్లో నూతి పక్కన గచ్చు తొట్టి ఉండేది. వేసవిలో మధ్యాహ్నం అందులో చెయ్యి పెడితే ప్రాణం లేచొచ్చేది. గానుగలో తిప్పిన సున్నం, ఇసుక, ఇటుకపొడి, కరక్కాయలు నానేసిన నీళ్ళు, బెల్లం నీళ్ళు... ఆవిడ చెబుతుంటే పిండివంట చెబుతున్నట్టే ఉండేది. ఆ ఇటుకపొడి దండగ సరుకు కాదు. కాల్చిన మట్టి సున్నంతో కలిస్తే తడిలోనే గట్టిపడుతుంది. ఇంజనీర్లు దాన్నే సుర్కీ అంటారు. 1953లో పూర్తయిన తుంగభద్ర ఆనకట్టలోనూ సుర్కీ కలిపిన గార వాడారు. రోమనులూ తమ నీటి తొట్లకి ఇటుకపొడి కిటుకే పట్టారు. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న తగువు మనకొద్దు. సున్నం, ఇటుకా ఉన్న చోట ఎవరికైనా తట్టే సంగతే.

ఇక అమ్మాయి ఉన్న రాష్ట్రం సంగతికొస్తాను. అక్కడ శాన్ సిమియన్ కొండమీద హర్స్ట్ అనే పత్రికాధిపతి మహలు కట్టించుకున్నాడు. కట్టినావిడ జూలియా మోర్గన్. కాలిఫోర్నియాలో ఆర్కిటెక్టుగా లైసెన్సు పొందిన మొదటి స్త్రీ. కాంక్రీటు మీద ఆవిడకి గట్టి పట్టుంది. 1904లో ఆవిడ కట్టిన గంట గోపురం 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపానికి కూడా చెక్కుచెదరలేదు. అలాంటి మనిషి చేత ఆ దొరగారు ఒక్క ఈతకొలనుని 1924 నుంచి 1936 దాకా మూడుసార్లు కట్టించాడు. ప్రతిసారీ ఇంకా పెద్దది కావాలనేవాడట! ఆవిడ ఓర్పుకి దణ్ణం పెట్టాలి. లోపల ఇనుము వేసిన కాంక్రీటు, పైన వెర్మాంటు పాలరాయి, 3,45,000 గ్యాలన్ల నీళ్ళు. చూడ్డానికొచ్చే వాళ్ళందరూ ఫొటో తీసుకునేది పాలరాయినే.

కాంక్రీటు రాయిలా కనబడుతుందేగాని, సన్నని పగులు పడితే నీరు దారి వెతుక్కోకుండా ఉండదు. ఎనభై ఏళ్ళు దగ్గరపడేసరికి ఆ కొలను కారడం మొదలెట్టింది. 2014లో రాష్ట్రమంతా కరువు. తాగే నీటికే కటకటగా ఉంటే కారే కొలనుని నింపుతూ కూర్చోలేక ఖాళీ చేసేశారు. పలకలు ఊడదీసి, అడుగున నీరు దిగని పూత కొత్తగా వేసి, మళ్ళీ పాలరాయి పరిచి నీళ్ళు పెట్టేసరికి 2018 వచ్చింది. నాలుగేళ్ళూ పట్టింది పైకి కనబడని ఆ పూత కోసమే.

ఇప్పుడు పెరటి కొలనులకి కాంక్రీటుని గొట్టంతో చిమ్ముతారు. ఆ యంత్రం కనిపెట్టిన కార్ల్ ఏక్లీ ఇంజనీరు కాడు. చచ్చిన ఏనుగులకి బతికున్నట్టే రూపు కట్టే పనివాడు! చికాగోలో తాను పనిచేసే మ్యూజియం గోడలు పెచ్చులూడుతుంటే ఆ బాధ పడలేక చేసి, 1911లో పేటెంటు పుచ్చుకున్నాడు. ఆ ధర్మమా అని చెక్క పలకలు బిగించే పని తప్పింది. గొయ్యి ఏ వంపు తిరిగితే కొలనూ ఆ వంపే. జీడిపప్పు ఆకారం కొలనులు కాలిఫోర్నియా తోటల్లో పుట్టడానికి ఇదీ ఒక కారణం.

ఇదంతా చెప్పాక అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. మొన్న ఆదివారం ఫోను చేసి, "టైల్సు కింద ఏం పూస్తారండీ?" అని మేస్త్రీని అడిగానంది. మేస్త్రీ అనకూడదులెండి, అక్కడ కంట్రాక్టరు. ఆయన కాస్త తడబడి, కాగితం మీద రాసి పంపుతానన్నాడట. కాగితం ఇంకా రాలేదు. అది వచ్చేదాకా గడ్డపార వెయ్యనివ్వొద్దన్నాను.