మధ్యవర్తికి అనుజ్ఞ

ఓరుగల్లు కోటలోని శిలాతోరణములను జూచువారు కాకతీయుల పరాక్రమమును దలతురు. ఆ నగరపు అంగళ్లలో పుట్టిన తగవులను దలచువారు అరుదు. వర్తకమున్నచోట తగవుండును, తగవున్నచోట తీర్చువాడు కావలెను. అతనికి అధికారమెవరిచ్చిరి? అతని ప్రతిఫలమెంత? అతడు దారి తప్పినచో మనకు దిక్కెవరు? ఈ మూడు ప్రశ్నలును మిక్కిలి ప్రాచీనములు.

యాజ్ఞవల్క్యస్మృతి తగవు తీర్చువారిని నాలుగు మెట్లుగా జెప్పినది. బంధువుల కూటమి కులము. ఒకే వృత్తివారి సంఘము శ్రేణి. ఒక ఊర నివసించు పలువృత్తులవారి కూటమి పూగము. వీరందరికిని పైన రాజు నియమించినవారు. క్రింది మెట్టున న్యాయము జరుగలేదని తోచినవాడు పైమెట్టునకు బోవచ్చునని మితాక్షర వివరించినది. ఆ మితాక్షరను 13వ శతాబ్దమున మూలఘటిక కేతన 'విజ్ఞానేశ్వరీయము'గా తెలుగు చేసెను. మన పూర్వులు ప్రైవేటు తగవరులను నిషేధింపలేదు. వారిని అడుగువాడు లేకుండ విడువనులేదు.

ప్రతిఫలపు మాటకు గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనమే దృష్టాంతము. పూర్వము ఓడ పగిలి తీరమునకు గొట్టుకొనివచ్చిన సరకును రాజులు కాజేయుచుండిరి. గణపతిదేవుడు 1244–45 ప్రాంతమున ఆ దురాచారమును మాన్పి, నిర్ణీతమైన సుంకము మాత్రమే గైకొందునని శిలపై వ్రాయించెను. ఎంత పుచ్చుకొందురో ముందుగా వ్రాసియుంచుటయే బలహీనునకు రక్ష. ఈ నీతి సుంకమునకే గాక తగవరి రుసుమునకును వర్తించును.

ఆ కట్టుబాటు సడలిన ఫలమును ఓరుగల్లు సీమ చవిచూచినది. నిజాము రాజ్యమున 1865లో జిల్లాబందీ జరిగినది. 1921లో న్యాయశాఖను పరిపాలనశాఖనుండి వేరుచేసిరి. ఐనను పల్లెలలో దేశముఖుని గడియే న్యాయస్థానము. తగవు తీర్చువాడతడే, జరిమానా విధించువాడతడే, దానిని ననుభవించువాడును అతడే. అతనిపై ఫిర్యాదు వినువాడు లేడు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరువాత చెలరేగిన పోరాటమునకు భూమియు వెట్టియు కారణములైనట్లే, ఈ గడి న్యాయమును ఒక కారణము.

స్వతంత్ర భారతమున 1987 నాటి న్యాయసేవల చట్టము లోక్ అదాలతులకు శాసనబలము నిచ్చినది. ఆర్బిట్రేషనుకు 1996లో క్రొత్త చట్టము వచ్చినది. ఇచట ఒక భేదమును గుర్తింపవలెను: ఆర్బిట్రేటరు తీర్పు చెప్పును, మధ్యవర్తి ఒప్పించునే గాని విధింపడు. 2021 డిసెంబరు 18న హైదరాబాదులో ఈ రెండు పనులకును ఒక అంతర్జాతీయ కేంద్రము ప్రారంభమైనది. అత్యవసరమైన ఉపశమనమును గోరని వాణిజ్య దావాకు ముందు మధ్యవర్తిత్వము జరుగవలెనని 2018లో చట్టమును సవరించిరి. అది తప్పనిసరియని 2022లో సుప్రీముకోర్టు తేల్చినది.

అసలు చిక్కు ఇచటనే యున్నది. ఇష్టపడి పోవునప్పుడు మధ్యవర్తి మంచిచెడ్డలు మన యెంపిక. చట్టమే మనలను మధ్యవర్తి గుమ్మమునకు బంపునప్పుడు, ఆ గుమ్మమున నున్నవాడు యోగ్యుడా యని విచారించు బాధ్యత ప్రభుత్వముపై బడును.

2023 నాటి మధ్యవర్తిత్వ చట్టము ఈ బాధ్యతను గ్రహించినది. మధ్యవర్తిత్వ సంస్థలకు గుర్తింపునిచ్చి, తారతమ్యము నిర్ణయించుటకు భారత మధ్యవర్తిత్వ మండలిని ఏర్పరుపవలె నన్నది. వ్యవహారము 120 దినములలో ముగియవలెను; ఉభయులు సమ్మతించిన మరి 60 దినములు. కుదిరిన ఒప్పందము డిక్రీవలె అమలగును. మోసముచే గుదిరినదానిని ప్రశ్నింపవచ్చును. కాని 2023 అక్టోబరు 9న అమలులోనికి వచ్చినవి కొన్ని సెక్షనులే. 

అనుజ్ఞాపత్రము గోడకు వ్రేలాడినంతమాత్రమున న్యాయము జరుగునని భ్రమపడరాదు. అనుజ్ఞకు బెట్టు ఖర్చు మిక్కుటమైనచో ధనికుల సంస్థలే మిగులును. చేనేత పనివాడును చిల్లర వర్తకుడును వెలుపలనే నిలుతురు. అనుజ్ఞయే వలదన్నచో 'సెటిల్మెంటు' పేర బెదిరించువారు పెద్దమనుష్యులగుదురు. ప్రేమించి పెండ్లాడినవారిని వేధించు కట్టపంచాయతీలు చట్టవిరుద్ధములని 2011లో సుప్రీముకోర్టు చెప్పవలసి వచ్చినదన్న, ఈ భయము ఊహామాత్రము కాదు. పెద్దలు కూర్చుండి వితంతువు వాటాను 'సర్దుబాటు' చేసిన ఊళ్లు మనమెరుగనివా? అట్టి సర్దుబాటులో నోరులేనిదే నష్టపడును. ఇరుగుపొరుగు తగవులకై ఈ చట్టము సామూహిక మధ్యవర్తిత్వమును వేరుగా విధించి, ఆ మండలులలో స్త్రీలకు చోటు నుద్దేశించుట అందువలననే మెచ్చదగినది.

కావున గృహస్థులకును గృహిణులకును ఒక మనవి. ఏ మధ్యవర్తి యెదుటనైనను సంతకము చేయుటకు ముందు ఆ మూడు ప్రశ్నలను అడుగుడు: నీకు అధికారమెక్కడిది, రుసుమెంత, నీ తప్పును దిద్దువారెవరు? అడుగుట అమర్యాద కాదు. నిజమైన మధ్యవర్తి దానికి కోపగింపడు. కోపగించువాని యెదుట సంతకము చేయకుండుటయే మేలు.