రైతు నోటి మాటకు వేరెక్కడ?



హైదరాబాదులో సోమాజిగూడ అనే పేట ఉన్నది. నిజాం కాలంలో రెవిన్యూ శాఖలో పనిచేసిన సోనాజీ అనే పండితుడి పేర అది వెలసినదనీ, సోనాజీగూడ జనం నోట పడి సోమాజిగూడ అయినదనీ చెపుతారు. సోమయాజి నుంచి ఎందుకు రాకూడదని మీరడగవచ్చు. పోలిక ఒక్కటే చాలదండీ. పొలానికి పట్టా ఉన్నట్లే మాట పుట్టుకకూ పాత దస్తావేజు కావాలి; లేదా ఇరుగుపొరుగు భాషల సాక్ష్యం కావాలి. మన నాగలి కన్నడంలో నేగిలు, తమిళంలో నాంజిల్. ఇటువంటి చుట్టరికాలను బర్రో, ఎమెనో అనే పండితులు 1961లో ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువుగా కూర్చినారు.

రెవిన్యూ మాట వచ్చింది గనుక, మీ పేరు సంగతే చూడండి. రైతు అన్నది అరబ్బీ మాట. కాపరి మేపే మంద అని దాని మూలార్థం. తరువాత ఏలుబడిలోని ప్రజ అయినది. పారసీ దఫ్తరాల మీదుగా సేద్యగాడై మనకు చేరినది. మన కాపు అన్న మాట అట్లా కాదు. అది కాచు నుంచి వచ్చినది, అంటే కాచేవాడు!

ఖరీఫు, రబీ కూడా ఆ దఫ్తరాల దారినే వచ్చినవి. అరబ్బీలో ఒకటి శరత్కాలం, రెండవది వసంతం. విత్తే కాలం కాదు, కోసే కాలం. శిస్తు కోతప్పుడే గదా రాబట్టేది! రైతుల నోట అవి తెలంగాణాలో వానకాలం, యాసంగి. డెల్టాలో సార్వా, దాళ్వా. మిరప సముద్రాలు దాటి వచ్చిన పంటే అయినా మన మిరియం పేరునే తగిలించుకున్నది.

భద్రిరాజు కృష్ణమూర్తిగారు జిల్లాల వారీగా రైతుల మాటలను సేకరింపజేసి కూర్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని, అనగా వ్యవసాయ పదాలను, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో అచ్చువేసినది. ఎడ్లు పోయి ట్రాక్టరు వచ్చిన ఊళ్లలో కాడి, మేడి, కర్రు అంటే పిల్లలు తెల్లమొహం వేస్తున్నారు. వస్తువుతోబాటే మాటా పోతున్నది.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. వేరుశనగను కర్నూలు వైపు బుడ్డలంటారు, చిత్తూరు వైపు చెనిక్కాయలు, తెలంగాణాలో పల్లీలు. మందు మోతాదు చెప్పబోయే ముందు ఆ ఊళ్లో పైరునేమంటారో, తెగులునేమంటారో అడగండి. విన్న మాటను ఊరి పేరుతో, తేదీతో రాసి పెట్టండి. ముసలివాళ్లను ముందుగా అడగండి. నాగలి భాగాలన్నీ వరుసగా చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు వాళ్లే.