మాట నేర్చి చేసిన సేవ

శతవార్షికోత్సవ సంచికలో కట్టిన ఆలయాలు, నడిపిన పాఠశాలలు, తెరచిన వైద్యశాలలు ముందు వరుసలో ఉంటాయి. అవి ఉండవలసినవే. అయితే శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల సేవా చరిత్రను తరచి చూచినప్పుడు మాకు ఒక సంగతి స్పష్టంగా కనబడుతున్నది. ఎవరికి సేవ చేయదలచారో వారి మాటను ముందుగా నేర్చుకొన్నవారి పనియే ఇక్కడ నిలిచినది.

1805లో లండన్ మిషనరీ సొసైటీ వారు విశాఖపట్నంలో అడుగుపెట్టారు. జార్జి క్రాన్, ఆగస్టస్ డిగ్రాంజెస్ అను ఇద్దరు మొదట పూనుకొన్న పని తెలుగు నేర్చుట. ఆనందరాయరు అను తెలుగు పండితుడు వారికి తోడ్పడ్డాడు. 1810లో డిగ్రాంజెస్ చనిపోయినప్పటికీ, ఆ కృషి ఫలితంగా 1812లో తెలుగు సువార్తలు శ్రీరామపురంలో అచ్చయ్యాయి. తరువాత పర్లాకిమిడి సీమకు చెందిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) తెలుగువారి చెవికి అలవాటైన రాగతాళములలో కీర్తనలు రచించారు. చదువురాని పల్లెవాసులు సైతం ఆ కీర్తనలను కంఠస్థం చేసుకొని పాడుకొన్నారు.

ఇది మైదానపు కథ. కొండ ఎక్కితే తెలుగే పరాయి భాష. సీతంపేట, పర్లాకిమిడి కొండలలోని సవరల మాట మన ద్రావిడ భాషలలోనిది కాదు. అది ముండా భాషలలో ఒకటి. సంతాలీ, ముండారీ దానికి దగ్గరి బంధువులు. కంబోడియా దేశపు ఖ్మేర్ భాష దూరపు చుట్టం. అట్టి ఇంటినుండి వచ్చిన పసివానికి బడిలో మొదటి పాఠమే అర్థంకాని భాషలో చెప్పితే వాడు మూగవాడగును గాని చదువరి కాలేడు. చదువు లేనివాడు షావుకారు లెక్కకు తలవంచవలసినదే.

ఈ కష్టమును గుర్తించినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. ఆయన మన సంఘమువారు కారు. అయినను సేవ అనగా ఏమిటో ఆయన వద్ద మనం నేర్చుకొనవలసి యున్నది. 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో జన్మించారు. విజయనగరంలో చదివి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైనారు. ముఖలింగ దేవాలయ శాసనాలను చదువుటకు పాత లిపులను స్వయంకృషితో నేర్చారు. తెలుగు తెలిసిన ఒక సవర మనిషిని ఇంట ఉంచుకొని, ఏళ్ళ తరబడి సవర మాట అభ్యసించారు. ఆ భాషలో వాచకములు, పాటలు, కథలు వ్రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టి, ఉపాధ్యాయుల జీతాలు తామే ఇచ్చారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టండని కోరినట్లు చెబుతారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి.

ఆయన వాడుక తెలుగు కొరకు చేసిన పోరాటమునకూ మూలం ఇదే. 1919లో ‘తెలుగు’ అను మాసపత్రికను నడిపి, పిల్లలకు వారు మాట్లాడే భాషలోనే పాఠాలుండవలెనని వాదించారు. ‘ఏటి బాబూ’ అని పలకరించే గ్రామములలో ప్రసంగించే మావంటి వారు ఈ వాదమును మరువరాదు. వేదాంత కళాశాలలో అభ్యసించిన మాటలన్నీ పొలముగట్టు మీద పనికిరావు గదా!

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులో చేరింది. గిడుగువారు అక్కడ ఉండలేక రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆ సంవత్సరమే, అనగా 1936లోనే, ఒరిస్సా కొండలలో మంగేయి గొమాంగో అను సవర పెద్ద తమ భాషకు ప్రత్యేక లిపిని రూపొందించాడు. ఇతరులు నేర్చుకొన్న మాటను ఆ మాట సొంతదారులే పైకెత్తుకొన్నారన్నమాట. ఇంతకంటె సేవకు ఫలం వేరే కావలెనా?

ఇప్పుడు సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. ఆ జిల్లా 2022లో ఏర్పడినది. కొండ పిల్లలు పట్టణపు వసతిగృహాలలో తెలుగు, ఇంగ్లీషు చదువుతున్నారు. అది మేలే. కాని ఇంటికి వచ్చినప్పుడు అవ్వ చెప్పే కథ మనుమరాలికి అర్థం కాకపోతే, ఆ ఇంటిలో ఒక గ్రంథాలయం మూతబడినట్లే. రాతి శాసనం వెయ్యేండ్లు వేచియుండగలదు. వృద్ధురాలి కంఠం వేచియుండదు.

కావున ఈ శతవార్షికోత్సవ సందర్భమున మేము సంఘస్థులను ఒక్కటి కోరుచున్నాము. మీ గ్రామములలోని పెద్దల వద్దకు వెళ్ళి సవర, గదబ, కువి పాటలు, సామెతలు, విత్తనాల పేర్లు, మందుమొక్కల పేర్లు వారి నోటినుండి వ్రాసికొనండి. చెప్పినవారి అనుమతి పొంది, ఒక ప్రతిని వారి ఇంటిలోనే ఉంచండి. యువజన సమాజములు దీనిని ఈ సంవత్సరపు సేవగా చేపట్టవచ్చును. పెంతెకొస్తు దినమున వినినవారికి తమ తమ భాషలే వినబడినవని మనం ప్రతి ఏడు ప్రసంగించుచున్నాము. ఆ భాషలలో మన కొండల భాషలకును చోటున్నది.