తగవు తీర్చే మాటలే తగవులైన వైనం

ఇద్దరు పోట్లాడుకుంటుంటే ‘ఎందుకొచ్చిన తగవు’ అంటాం. ఒకప్పుడు ఆ మాట పోట్లాటకు పేరు కాదు, పోట్లాటను తీర్చే ధర్మానికి పేరు. ‘తగు’ అనే క్రియ నుంచి పుట్టిన తగవుకు తగినది, న్యాయమైనది అని అర్థం. భారతం తెలుగు చేసిన కవులు దాన్ని ఆ అర్థంలోనే వాడారు. తగవరి అంటే న్యాయం తప్పనివాడు, నలుగురికీ తగినది చెప్పేవాడు. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు నాటికి న్యాయమనే అర్థమూ, జగడమనే అర్థమూ ఒకే మాట కింద కాపురం చేస్తున్నాయి. ఇవాళ జగడమే మిగిలింది. తగాదా దీనికి చుట్టమేమీ కాదు. బాకీ తీర్చమని ఒత్తిడి చేయడాన్ని చెప్పే అరబ్బీ మాట తకాజాగా, తగాదాగా మారి మనదాకా వచ్చింది. చెవికి దగ్గరగా వినిపించడం వల్ల తగవును అది మరింత కిందికి లాగి ఉండవచ్చు.

ఒక్క మాటే ఇలా జారి ఉంటే యాదృచ్ఛికమనుకోవచ్చు. కానీ రచ్చ సంగతి చూడండి. సంస్కృత ‘రథ్య’ నుంచి ప్రాకృతం మీదుగా వచ్చిన ఈ మాటకు వీధి, నలుగురు కూడేచోటు అని అర్థం. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అనే సామెతలోనూ, రచ్చబండలోనూ ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. మిగతాచోట్ల రచ్చ అంటే గోల, అల్లరి. ఇక పంచాయితీ అయిదుగురు కూర్చున్న సభ. మద్రాసు ప్రభుత్వం 1816లో తెచ్చిన రెగ్యులేషన్లు గ్రామ మునసబుకూ గ్రామ పంచాయతీకీ తీర్పు చెప్పే అధికారమిచ్చాయి. వాటి వెనక అంతకుముందు దత్తమండలాలకు కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో పట్టుదల ఉంది. ఆయన ఎంతో నమ్మకం పెట్టుకున్న ఆ మాట ఇవాళ తెలంగాణ వాడుకలో ఎక్కడికి చేరిందో ‘వాళ్ళిద్దరికీ పంచాయితీ అయింది’ అనే వాక్యం చెబుతుంది. న్యాయం పేరు, న్యాయం చెప్పే చోటు పేరు, న్యాయం చెప్పే సభ పేరు, మూడూ జగడానికే పేర్లయ్యాయి.

ఇందులో వింతేముంది, నిత్యం జగడం పక్కన వినబడే మాటకు ఆ అర్థమే అంటుకుంటుంది, భాషలో ఇది మామూలే కదా అని ఒక అభ్యంతరం. నిజమే, కొంతవరకు అదే కారణం. అయితే సావాసమే మాటను చెడగొడితే ‘తీర్పు’ కూడా చెడిపోవాలి. అదీ జగడం పక్కనే కూర్చుంటుంది కదా! ‘వాళ్ళిద్దరికీ తీర్పు అయింది’ అంటే పోట్లాడుకున్నారని ఎవరూ అనుకోరు. తీర్పు చెప్పేవాడి అధికారం ఎంతో అందరికీ తెలుసు. రచ్చబండ మీది పెద్దమనిషి సంగతి అలా కాదు. ఆయన ఇద్దరినీ సముదాయించడానికి కూర్చుంటాడు, చివరికి తీర్పు చెప్పి లేస్తాడు. ఒప్పించడమూ విధించడమూ ఒకే మనిషి చేతిలో కలిసిపోయినచోట ఓడినవాడికి అది పరిష్కారంలా కనబడదు, గొడవకు కొనసాగింపులాగే కనబడుతుంది. మాటలు జారడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం. ‘రాజీ’ కూడా దీనికి సాక్ష్యమే. అరబ్బీలో దాని అర్థం ఇష్టపడినవాడు, తృప్తి చెందినవాడు. మనకు ‘రాజీలేని పోరాటం’ పొగడ్త, ‘రాజీపడ్డాడు’ అన్నది ఎత్తిపొడుపు. ఒకప్పుడు దావా వేసినవాడు తనకు సమ్మతమేనని రాసిచ్చే పత్రం రాజీనామా. బొంబాయి వైపు రెవెన్యూ లెక్కల్లో అది రైతు భూమిని వదులుకునే కాగితమైంది, ఇవాళ మనకు ఉద్యోగాన్నో పదవినో వదిలే కాగితం.

ఇద్దరి మధ్య నిలబడేవారి పాత్రలను విడదీసి చూడటం మన సంప్రదాయానికి తెలియక కాదు. భగవద్గీత ఆరో అధ్యాయంలో ఉదాసీనుడూ మధ్యస్థుడూ వేర్వేరుగా కనిపిస్తారు. ఎవరి పక్షమూ వహించనివాడు ఉదాసీనుడని, విరోధులిద్దరి మేలూ కోరేవాడు మధ్యస్థుడని శంకరులు భాష్యంలో తేడా చెప్పారు. తటస్థంగా ఉండటం ఒకటి, ఇద్దరి మేలూ కోరి కల్పించుకోవడం మరొకటి. ఇవాళ ఉదాసీనత అంటే పట్టనితనం. ఆ జారుడు నుంచి తప్పించుకుని గౌరవంగా నిలిచింది ‘మధ్యవర్తి’ ఒక్కటే. అయితే అది ఎక్కువగా కాగితాల మీద, పత్రికల్లో బతికిన మాట. రచ్చబండ ఎక్కి ఉంటే దాని గతి ఏమయ్యేదో!

ఇప్పుడు దానికీ చిక్కు వచ్చింది. 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం కింద ఆర్బిట్రేటర్ తీర్పు చెబుతాడు, దాన్ని కోర్టు డిక్రీలా అమలు చేయించుకోవచ్చు. 2023 నాటి మీడియేషన్ చట్టం కింద మీడియేటర్ ఏ పరిష్కారాన్నీ రుద్దడానికి వీల్లేదు. కక్షిదారులు తమంతట తాము ఒప్పుకున్నదే ఒప్పందం. పని తీరులో ఇంత ఎడమున్న ఈ రెండింటికీ మన పత్రికలు రాసేది ‘మధ్యవర్తిత్వం’ అనే. 2021 డిసెంబరులో హైదరాబాదులో మొదలైన అంతర్జాతీయ కేంద్రం పేరులో ఆర్బిట్రేషన్, మీడియేషన్ రెండూ ఉన్నాయి. తెలుగు వార్తల్లో అది చాలాసార్లు ‘మధ్యవర్తిత్వ కేంద్రం’ మాత్రమే. ఒక్క మాట రెండింటినీ మింగేసింది. కొత్త మాటలు పుట్టించడమెందుకు, జనం ఇంగ్లిషు పేర్లతోనే నెట్టుకొస్తారు అని కొందరంటారు. కొత్తది పుట్టించనక్కరలేదు. ‘తీర్పరి’ మన నిఘంటువుల్లో ఎప్పటినుంచో ఉంది. ఆర్బిట్రేటర్‌ను తీర్పరి అని రాసి, మధ్యవర్తిని మీడియేటర్‌కే వదిలేయమని పత్రికల డెస్కుల్లో ఉన్న మిత్రులకు నా మనవి.